పాసు మీద అక్క పేరు

ఇంతకీ అమ్మ వక్కలన్నీ సముద్రంలో పారేసిందా, చాప చుట్టలో రెండు దాచుకుందా, దాచుకుంటే అవతలి దేశంలో వక్కలు నిషేధం, ఎరుబ్ దీవి ఒడ్డున ఆఫీసర్లు చాప విప్పించి మరీ చూస్తారు, అడిగితే మీ అయ్య మీద ఒట్టు అంటుంది, అయ్య పోయి పదేళ్లయింది, ఆ ఒట్టుకి జడిసేదెవరు, అనుకుంటూ మెనేగి తెరచాప తాడు మోకాలి కింద తొక్కిపెట్టి, ప్లాస్టిక్ సంచిలోంచి పాసు మళ్లీ బయటికి తీశాడు, పొద్దున్నుంచి ఇది నాలుగోసారి, ఊరు పరామా, మనుషులు ఇద్దరు, తల్లీ కొడుకూ, రోజులు ఐదు, పని సమాధి రాయి తెరిచే పండగ, అన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఎవరింట్లో దిగుతారు అన్న చోట సవాయా, అదీ సరే, అని మడవబోయి ఆగిపోయాడు, సవాయా అంటే అక్క, రేపు పొద్దున్న గుడ్డ తీసి అందరికీ చూపించేది అక్క సమాధి రాయే కదా, చచ్చిపోయిన మనిషింటికి చుట్టపుచూపుగా వెళ్తున్నామని సంతకం పెట్టించుకుని, ముద్ర వేయించుకుని, ఆ కాగితం నెత్తిన పెట్టుకుని సగం సముద్రం దాటేశాడు.

ఈ తీరపు ఊళ్లవాళ్లకి పాస్‌పోర్టులక్కర్లేదు, తాతల నాటి రాకపోకలకి ఈ ఒక్క కాగితం చాలు, చాలు అంటే అందులో ప్రతి ముక్కా సరిపోవాలి, పోయిన నెల పక్క ఊరివాళ్ల పడవని ఒక్క పేరు తేడా వచ్చిందని ఒడ్డున కాలు పెట్టనివ్వకుండానే తిప్పేశారు, ఇప్పుడు వెనక్కి తిరిగి సరిచేయించుకు రావాలంటే గాలి వీపున ఉంది, ఎదురుగాలికి ఇల్లు చేరేసరికే రేపు మధ్యాహ్నమవుతుంది, అప్పటికి రాయి తెరిచేస్తారు, విందు అయిపోతుంది, అమ్మ రెండేళ్లు కూర్చుని నేసిన చాప ఇలా చుట్టుకునే ఉంటుంది. ముఖమేంట్రా అలా పెట్టావ్, నీక్కూడా వాంతొస్తోందా, అంది అమ్మ, చెప్పాడు, చెప్పక ఏం చేస్తాడు, ఆవిడ చాప చుట్ట దగ్గరికి లాక్కుని, మీ బావ పేరు చెప్పాల్సింది కదరా, అంది, నువ్వు చెప్తావా మరి, అనేశాడు కసిగా, ఆవిడ ముఖం తిప్పుకుంది, ఇరవై ఏళ్లలో అల్లుడి పేరు పలికింది లేదు, అతను అటు వస్తే ఇటు తిరిగి కూర్చునే మనిషి, అత్త అల్లుడి పేరు పలకదు, బావమరిది బావ పేరు పలకడు, పలికితే ఆ మనిషిని పదిమందిలో బట్టలిప్పి నిలబెట్టినట్టే, అందుకే కదా తను ఆ పేరు నోట రాక పాసులో అక్క పేరుతో సరిపెట్టింది, అంతే కదా.

ఒకప్పుడు ఆ పేరు గొంతు చించుకుని అరిచేవాడు, తనూ అతనూ ఒకే పగడపు దిబ్బ మీద పెద్దరొయ్యలకి మునిగేవాళ్లు, పైకి తేలగానే ముందు ఆ పేరే, ఎక్కడున్నావ్‌రా అని, పెళ్లినాడు అక్క చెవి పట్టుకుని, ఇవాళ్టి నుంచి ఆ నోరు కుట్టేసుకో తమ్ముడూ, అని నవ్వింది, ఆ తర్వాత లోకమంతా పాకిన ఆ జబ్బొచ్చి సముద్రానికి తలుపులేసేశారు, రెండున్నరేళ్లు ఒక్క పడవ కదల్లేదు, ఆ మధ్యలోనే ఫోన్లో కబురు, సవాయా పోయిందని, అమ్మా తనూ ఇసుకలో కూర్చుని దక్షిణం వైపు తిరిగి ఏడ్చారు, మట్టి వెయ్యలేదు, ముఖం చూడలేదు, అనలేనా ఇప్పుడు, ఒక్క మాట, రెండక్షరాలు, చుట్టూ నీళ్లు తప్ప ఎవరూ లేరు, అమ్మ ఉంది, నాలుక పళ్లదాకా వచ్చి వెనక్కి పోయింది.

ఎరుబ్ ఒడ్డున తాడు కట్టారు, తాడుకి ఇవతల ఇద్దరు ఆఫీసర్లు, పుస్తకం పట్టుకున్న పొడుగాయన ఒకడు, ఎరుబ్ పిల్లే ఒకామె, ఖాకీ చొక్కా, చెవిలో పువ్వు, అవతల బావ, జుట్టు నెరిసింది, ఎప్పుడు నెరిసింది, తనకేసి చూడకుండా ఇసుకకేసి చూస్తున్నాడు, తన పేరూ అతను పలకకూడదు మరి. పొడుగాయన పాసు చదివాడు, పుస్తకం తిప్పాడు, ఈవిడ చనిపోయినట్టుంది మా దగ్గర, మీరొచ్చింది ఎవరింటికి, అన్నాడు, మెత్తగానే అన్నాడు, మెనేగి గడ్డంతో బావ వైపు చూపించాడు, పేరు కావాలి, అన్నాడు పొడుగాయన, ఇంటాయన పేరు మీరే చెప్పాలి, లేకపోతే ఈ పోటు మీదే తిరిగి వెళ్లాలి, అమ్మ చాప చుట్టని పసిబిడ్డలా చంకనెత్తుకుంది, తిరుగుప్రయాణం ఆవిడ తట్టుకోలేదు, మళ్లీ రావడం అసలు లేదు, చెప్పరా, చెప్పు, అనుకున్నాడు, నోరు తెరిచాడు, గాలి తప్ప ఏమీ రాలేదు, చెవులు మండాయి, ఖాకీ చొక్కా పిల్ల పొడుగాయనకి ఏదో గొణిగింది, నాకు తెలుసు గానీ నేను చెప్తే చెల్లదు, అని ఇటు తిరిగి, నోటితో వద్దులే అన్నా, రాయి, రాస్తే తప్పు లేదుగా, అని పెన్ను చేతిలో పెట్టింది.

రాస్తే తప్పు లేదు, నిజమే, ఎన్నడూ లేదు, పరామాలో పాసిచ్చిన కౌన్సిలరూ ఇంతే చేశాడు, ఆయనకి తెలియని ఆచారమా, పెన్ను చేతికిచ్చి కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు, ఎవరూ చెయ్యి పట్టుకోలేదు, ఎవరూ చూడలేదు, బావ పేరు అప్పుడే రాసుండొచ్చు, మరి ఈ చెయ్యే సవాయా అని రాసింది, జంకు లేకుండా, తడుముకోకుండా, ఎందుకంటే ఎవరింటికి అని అడగ్గానే కళ్ల ముందు కనబడింది అక్కే, పొయ్యి దగ్గర కూర్చుని, ఇంతాలస్యమేంట్రా తమ్ముడూ, సగ్గుజావ చల్లారిపోయింది, అని కసురుతూ, నోరు పెగలక కాదు, సిగ్గుతో కాదు, అంత ఏడ్చి కూడా తను నమ్మలేదు, ఇన్నాళ్లూ ఆమె ఆ ఇంట్లోనే ఉంది. అక్షరాలు అలుక్కుపోకుండా ఆ పేరు మీద ఒక్క గీత గీశాడు, పైన బావ పేరు రాశాడు, పొడుగాయన ముద్ర కొట్టాడు, అయిందా, అంది అమ్మ, అయిందమ్మా, అన్నాడు, తాడు కిందికి వంచి అమ్మని దాటించాడు, అక్క చచ్చిపోయింది.