నీలం చొక్కా ఆయన

ఆ నీలం చొక్కా పొద్దున ఇస్త్రీ చేసింది ఆమే. కాలరు కింద ఎక్కడో ఓ మడత మిగిలిందట. "ఒక్క పనంటే ఒక్క పని సరిగ్గా చేసి చావవు కదా" అన్నాడు మొగుడు, అదే చొక్కా తొడుక్కుంటూ. పక్కగదిలోంచి అత్తగారు వంత పాడింది: "మైకు ముందు కూర్చుని గొంతు చించుకోవడం తప్ప దానికేం చేతనవును!"

మైకు ముందు కూర్చోవడమే ఆమె ఉద్యోగం. భూగర్భ రైలు స్టేషన్లో ఓ గాజుగది, ఎదురుగా కెమెరా తెరలు. ఏ రైలు వస్తోందో, ఏ గీత దాటకూడదో చెబుతుంది. చెప్పగానే గీత వెనక్కి జరిగిన మగవాణ్ణి ఇన్నేళ్ళలో ఆమె చూడలేదు.

ఆ సాయంత్రం ఎస్కలేటర్ కింద మోటారు గదిలో నిప్పంటుకుంది. రైళ్ళు ఆపేశారు. "ఎస్కలేటర్ వైపు వెళ్ళకండి, ఎడమ చివర మెట్లెక్కి వెంటనే బయటికి వెళ్ళండి" అని ప్రకటించింది. తెరల మీద జనం తలలెత్తారు, మళ్ళీ ఫోన్లలో దూర్చారు. ఒకడు నింపాదిగా బన్ను తింటున్నాడు. ఇంకొకడు సన్నగా లేస్తున్న పొగను వీడియో తీస్తున్నాడు. పక్కవాడు కదిలితే కదులుదామని ప్రతివాడూ పక్కవాణ్ణే చూస్తున్నాడు. గొర్రెలు నయం, ఏదో ఒకటి ముందు దూకుతుంది.

గొంతు పెంచి మళ్ళీ చెప్పింది. అప్పుడు కనిపించాడు మొగుడు, ఆఫీసువాళ్ళ మధ్యలో, నడుం మీద చెయ్యేసుకుని. వెంటనే ఆమె ఫోను మోగింది.

"ఏమిటా అరుపులు? మావాళ్ళు నవ్వుతున్నారు."

"నిప్పంటుకుందండీ. అందర్నీ తీసుకుని మెట్లెక్కండి, మీకు దణ్ణం పెడతాను."

అతను ఫోను పెట్టెయ్యకుండానే పక్కకి తిరిగాడు. "మా ఆవిడేనోయ్. పాలు పొంగినా ఇంతే గోల. వచ్చిన దారినే నిదానంగా పోదాం పదండి."

అతని చుట్టూ ఉన్నవాళ్ళు నిజంగానే ఎస్కలేటర్ వైపు తిరిగారు. వాళ్ళలో ఒకామె చంకలో చంటిపిల్ల.

ఆమెకి భయం పోయి అసహ్యం వేసింది. ఈ మనిషికి ఏమీ తెలియదు. తెలియనిదాన్ని నడుం మీద చెయ్యేసుకుని చెబుతాడు, అంతే, ఇల్లూ ఆఫీసూ తలూపుతాయి. తనూ ఊపింది. కడుపులో నొప్పంటే గ్యాసని తేల్చేశాడు. లోపల పుండు పగిలి ఆసుపత్రిలో పడుకుంటే, ముందే ఎందుకు చెప్పలేదని తననే తిట్టాడు. ఆ తిట్టుకీ తలూపింది. ఇలాంటి తెలివికా ఇన్నేళ్ళూ కాలర్లు ఇస్త్రీ చేసింది!

మైకు దగ్గరికి లాక్కుంది.

"నీలం చొక్కా వేసుకున్నాయన నా మొగుడు. ఆయన మాట వినకండి. ఇంట్లో గ్యాసుపొయ్యి ఎటు తిప్పితే ఆరుతుందో కూడా ఆయనకి తెలియదు. ఎస్కలేటర్ కింద మంటలున్నాయి. చంటిపిల్లతో ఉన్నమ్మా, ముందు నువ్వు ఎడమవైపు నడువు."

ఎవరో ఆడవాళ్ళు ఫక్కున నవ్వారు. నవ్వుతూనే నడిచారు. వాళ్ళ వెనక అందరూ కదిలారు. నీలం చొక్కా మాత్రం బిగుసుకుని నిలబడింది. ఎస్కలేటర్ సందుల్లోంచి మంట పైకి లేవగానే అందర్నీ తోసుకుంటూ పరిగెత్తింది.

ప్లాట్‌ఫారం ఖాళీ అయ్యాక ఆమె పైకి వచ్చింది. అతను మసి మొహంతో ఎదురొచ్చి మోచెయ్యి పట్టుకున్నాడు. నీకేం కాలేదు కదా అని అడగలేదు.

"నలుగురిలో నా పరువు తీస్తావా? ఇంటికి పద, చెప్తాను."

ఆఫీసువాళ్ళు దగ్గుతూ వీళ్ళనే చూస్తున్నారు. ఆమె చెయ్యి విడిపించుకుంది.

"ఇక్కడే చెప్పండి" అంది. "ఇందాక మీ మాట విన్నవాళ్ళంతా ఇక్కడే ఉన్నారు."