పేరు పక్కన జారిన మాట

ఆగండాగండి, చేతిలో పని పక్కన పెట్టి ఇది వినండి. చివర్లో మిమ్మల్నే అడుగుతాను.

ఆంట్వెర్ప్‌లో శుక్రవారం మధ్యాహ్నం. సబ్బాతు దీపాలు వెలిగించడానికి ఇంకో గంటే ఉంది. ఆదివారం బ్రైండెల్ కూతురి పెళ్ళి. బ్రైండెల్ ఆడపడుచు హెండెల్ వంటింట్లో క్యారెట్లు తరుగుతోంది గానీ, కత్తి వేళ్ళ మీదికే పోతోంది. పొద్దున లండన్ నుంచి వచ్చిన ఫోన్ ఎత్తింది ఆవిడే. బ్రైండెల్ అన్నయ్య యెకుతీల్ నిద్రలోనే పోయాడు. ఇంట్లో ఇంకెవరికీ తెలీదు.

ఆ ఫోన్ పెట్టేయగానే మెట్ల మీద కూర్చుని, గొంతు బాగా తగ్గించి తమ యూదుల గురువు రబ్బీ గారికి ఫోన్ చేసింది.

“చెప్పొద్దమ్మా,” అన్నారాయన. “తెలిస్తే ఆవిడ ఏడు రోజులు కింద కూర్చుని దుఃఖం పాటించాలి. తెలియనంతవరకు ఏ నియమమూ లేదు, కూతురి పెళ్ళిలో హాయిగా ఆడనీ. ఇలాంటి కబురు మోసుకెళ్ళేవాడు తెలివితక్కువవాడని మన పెద్దలే అన్నారు.”

“మరి అడిగితేనో?”

“సూటిగా అడిగితే మాత్రం, బతికే ఉన్నాడని అనకూడదు. అబద్ధం వద్దు. అడిగేదాకా రానివ్వకు.”

అడిగేదాకా రానివ్వకపోవడం అంత తేలికా? ఫోన్ మోగితే హెండెల్ అందరికంటే ముందు తనే ఎత్తుతోంది. మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపిస్తే చాలు, ఎవడో వచ్చి బయటపెట్టేస్తాడేమోనని తలుపు దగ్గరికి పరుగు!

“ఏంటి వదినా, క్యారెట్లు తరుగుతున్నావా, శిక్ష వేస్తున్నావా?” బ్రైండెల్ నవ్వింది. “పెళ్ళి నా కూతురికి, వణుకు నీకా?”

“నువ్వు చేప మాడ్చకుండా చూసుకో, చాలు.”

“మాడిందే మా అన్నయ్యకిష్టం. పొద్దుట్నుంచి ఫోన్ చెయ్యలేదేంటో మహానుభావుడు! ఆదివారం రైలు ఎక్కుతాడు కదా?”

“రైలు సంగతి తర్వాత. ఉప్పు చూశావా?” అంది హెండెల్ గబగబా.

“చూశాలే. సరే, పెళ్ళి హాల్లో అన్నయ్య కుర్చీ ఎక్కడ వేయిద్దాం? వియ్యంకుడి పక్కనా?”

గండం గడిచిందనుకుంది హెండెల్. అక్కడే దెబ్బతింది.

“తలుపు దగ్గర మాత్రం వద్దే, యెకుతీల్‌కి, ఆయనకి శాంతి కలగాలి, చలి అస్సలు...”

ఆగిపోయింది. పోయినవాళ్ళ పేరెత్తితే ఆ మాట దానంతటదే నాలుక మీదికొస్తుంది, పుట్టినప్పట్నుంచి ఉన్న అలవాటు. బతికున్నవాళ్ళ పేరు పక్కన ఎవరూ, ఎప్పుడూ అనరు.

బ్రైండెల్ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. చేప చిటపటలాడుతోంది. పక్క గదిలో పెళ్ళికూతురు ముసుగు వేసుకుని చూసుకుంటూ స్నేహితురాళ్ళతో పకపకా నవ్వుతోంది.

బ్రైండెల్ పొయ్యి కట్టేసింది. వంటింటి తలుపు మెల్లగా మూసింది.

“వదినా, నా వైపు చూడు. మా అన్నయ్య ఉన్నాడా?”

ఉన్నాడంటే పాపం. లేడంటే ఆదివారం తల్లి లేని పెళ్ళి. ఊరుకుంటే, ఆ ఊరుకోవడమే జవాబు. బ్రైండెల్ హెండెల్ మణికట్టు పట్టుకుంది, గట్టిగా, గోళ్ళు దిగేలా.

“ఉన్నాడా, లేడా? చెప్పవే!”

చెప్పండి, ఆ గోళ్ళు దిగిన చెయ్యి మీదైతే ఏమంటారు?