మిట్టమధ్యాహ్నపు పొయ్యి

సంతోషి తడిగుడ్డతో టీవీ తుడుస్తోంది. గోదావరిఖనిలో పొద్దున తుడిచిన వస్తువును సాయంత్రం మళ్ళీ తుడవాల్సిందే. ఓపెన్‌కాస్టు బొగ్గు గని వైపు నుంచి గాలి మళ్ళితే, కిటికీలు ఎంత బిగించినా నల్లటి దుమ్ము ఎక్కడి నుంచో దూరి వచ్చి పళ్ళేల మీదా దిండ్ల మీదా పరుచుకుంటుంది. గుడ్డ కింద నుంచి వార్తలు చదివే అమ్మాయి ముఖం బయటపడింది. భూమి వేడెక్కిపోతోందని ప్రపంచ దేశాలన్నీ వారాల తరబడి కూర్చుని మాట్లాడుకున్నాయట. చివరికి అందరూ ఒప్పుకుని రాసుకున్న కాగితంలో బొగ్గు ఊసే లేదట.

ఆమె చెయ్యి ఆగింది. అంతమంది పెద్దవాళ్ళు అన్నాళ్ళు కూర్చుని, అసలు సంగతి వదిలేసి ఎలా లేచి వెళ్ళగలిగారు?

"బొగ్గు మాట ఎందుకు తీసేసిన్రట?" అని అడిగింది.

మంచం మీద వాలి ఉన్న భర్త ఉపేందర్ ఓపెన్‌కాస్టులో డంపర్ నడుపుతాడు. "తీసేస్తే మనకే మంచిది గద. గదంత నీకెందుకు? జర పక్కకు జరుగు, మ్యాచ్ కనవడ్తలేదు" అన్నాడు.

సంతోషి పక్కకు జరిగింది. పెళ్ళయినప్పటి నుంచీ ఆమె చేస్తున్నది అదే. కానీ ఆ ప్రశ్న ఆమెను వదల్లేదు. గిన్నెలు తోముతున్నా, బట్టలు ఆరేస్తున్నా అదే ఆలోచన. ఈ ఇంట్లో తినే ప్రతి ముద్దా బొగ్గుదే. తల మీద తిరిగే ఫ్యానూ బొగ్గుదే. ఏటా వేసవిలో ఆ ఫ్యాను కింద కూడా కూర్చోలేనంత ఎండ కాస్తోందంటే అందులోనూ బొగ్గు చెయ్యి ఉందంటున్నారు. అయితే తన ఇంటిని పోషిస్తున్నదీ, ఉడికిస్తున్నదీ ఒకటేనా? కోపంగా కాదు, భయంగానూ కాదు, నిజంగానే తెలుసుకోవాలని ఉందామెకు. చిన్నప్పుడు బడిలో సార్లు విసుక్కునేదాకా అడిగేది. ఇక్కడికి వచ్చాక అడగటం మానేసింది గానీ, ఆలోచించటం మానలేదు.

కిందటి మే నెలలో ఆమె పొయ్యి దగ్గరే పడిపోయింది. వాళ్ళ క్వార్టరు పైఅంతస్తులో ఉంటుంది. మధ్యాహ్నానికి స్లాబు పెనంలా కాలుతుంది. వంటింట్లో ఫ్యాను లేదు, ఉన్నా మంట ఆరిపోతుందని వెయ్యనివ్వరు. ఉపేందర్ మొదటి షిఫ్టు దిగి వచ్చేసరికి అన్నం పొగలు కక్కాలి. ఆ రోజు కూరలో నీళ్ళు పోసేదాకే ఆమెకు గుర్తుంది. కళ్ళు తెరిస్తే దవాఖానలో సెలైను ఎక్కుతోంది. వడదెబ్బ అని డాక్టరు చెప్తే ఉపేందర్ నమ్మలేదు. "ఆడోళ్ళు నీడపట్టున ఇంట్లనే ఉంటరు గద సార్, వడదెబ్బ ఎట్ల తగుల్తది?" అని అడిగాడు. అత్త ఐలవ్వ అయితే మంచం పక్కన నిలబడి, "మా కాలంల గింత నాజూకు లేకుండె. నేను ఎన్నడన్న పడ్డనా?" అంది. మర్నాడు ఇంటికి రాగానే సంతోషి అన్నం వండింది. ఎవరూ వద్దనలేదు. వండమనీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు.

ఆ వార్త విన్న కొన్నాళ్ళకు యూనియన్‌లో తిరిగే జగదీశ్వర్ ఇంటికి వచ్చాడు. ఉపేందర్‌కు చిన్నాన్న వరస. చాయ్ ఇచ్చి మామూలుగా లోపలికి వెళ్ళిపోకుండా, సంతోషి గడప దగ్గరే నిలబడి తన ప్రశ్న అడిగింది. ఉపేందర్ కనుసైగ చేసినా కదల్లేదు.

జగదీశ్వర్ కప్పు కింద పెట్టాడు. "పెద్ద దేశాలోళ్ళు ఇన్నేండ్లు కాల్చుకొని మేడలు కట్టుకున్నరు బిడ్డా. ఇప్పుడు మీరు ఆపుండ్రి అంటరు. ఆపుతం, మా బువ్వకు సాయం చేస్తరా అంటే ఒకల మొఖం ఒకలు సూసుకుంటరు. ఆఖర్కి అందరు కలిసి సూద్దాం అనుకుంట లేసిపోయిన్రు."

"మరి గనులు బందైతే మనం బతికేదెట్ల? బంద్ కాకుంటే ఈ ఎండలకు బతికేదెట్ల?"

"రెండిటికి నా తాన జవాబు లేదు" అన్నాడు జగదీశ్వర్.

ఆ మాట ఆమెకు నచ్చింది. తెలియదని ఒప్పుకున్న మగవాణ్ణి ఆ గదిలో చూడటం అదే మొదటిసారి. ఆయన తర్వాత, ఎండాకాలం పనిచోట మజ్జిగా చల్లటి నీళ్ళూ ఎలా వచ్చాయో, ఎంత కొట్లాడితే వచ్చాయో చెప్పుకొచ్చాడు. అంతా విని సంతోషి, ఇంట్లో పొయ్యి దగ్గర పనిచేసేవాళ్ళ గురించి కూడా ఏమన్నా మాట్లాడారా అని అడిగింది. జగదీశ్వర్ నవ్వబోయి ఆమె ముఖం చూసి ఆగాడు. ఉపేందర్ మాత్రం నవ్వాడు. "మజ్జిగ చేసేదే నువ్వు గద. చేసుకొని తాగు."

చలికాలం పోయి ఎండలు ముదిరాయి. ఉగాది వెళ్ళగానే సంతోషి ఇంట్లో మాట కదిపింది. ఎండ తగ్గేదాకా మధ్యాహ్నం పొయ్యి వెలిగించననీ, తెల్లవారుజామునే అన్నీ వండి పెడతాననీ, మధ్యాహ్నానికి జొన్న అంబలి, మజ్జిగ, మామిడికాయ తొక్కు ఉంటాయనీ చెప్పింది. మొగోడు ఎండలో డ్యూటీ చేసొచ్చి చల్లటి మెతుకులు తినాలా అని ఐలవ్వ అరిచింది. ఉపేందర్ అరవలేదు. ఫోను లోంచి తల ఎత్తకుండా, "సూద్దాం తీ" అన్నాడు.

ఆ ఒక్క మాటతో ఆమెకు ఇన్నాళ్ళ ప్రశ్నకు జవాబు దొరికినట్టయింది. అంతమంది ఎలా లేచి వెళ్ళగలిగారో అర్థమైంది. తమకు తగలని వేడి గురించి ఎన్నాళ్ళయినా 'చూద్దాం' అనగలరు.

మర్నాడు చీకటితోనే లేచి వంట ముగించింది. అన్నం, పప్పు, అంబలి గిన్నెల్లో సర్ది మూతలు పెట్టింది. ఎండ స్లాబు మీదికి ఎక్కకముందే సిలిండరు ఆపేసి, చాప చంక కింద పెట్టుకుని మెట్లు దిగింది. కింది క్వార్టరు మమత మెట్ల కింద నీడలో బియ్యం ఏరుకుంటోంది. గాలి అక్కడ కాస్త ఆడుతుంది. ఇద్దరూ చాప పరుచుకున్నారు. మమత నమ్మలేనట్టు, "మీ అత్తమ్మ ఊకుంటదా అక్కా?" అంది. తనకీ అదే చూడాలని ఉందని చెప్పింది సంతోషి.

ఐలవ్వ ఊరుకోలేదు. కొడుకు వచ్చే వేళకు వేడి అన్నం తానే వండుతానని పైన పొయ్యి వెలిగించింది. గిన్నెల చప్పుడు కిందికి వినపడుతూనే ఉంది. పెద్దామె, ఏమన్నా అయితే? లేచి నిలబడింది. రెండు మెట్లు ఎక్కేసరికి చప్పుడు ఆగింది. ఆమె పరుగెత్తబోతుంటే, పైనుంచి ఐలవ్వే గోడ పట్టుకుని మెల్లగా దిగుతూ కనిపించింది. ముఖం ఎర్రగా కందిపోయింది. జాకెట్టు వీపుకు అంటుకుపోయింది.

సంతోషి ఆమెను చాప మీద కూర్చోబెట్టింది. మమత నీళ్ళు తెచ్చింది. ఐలవ్వ కొన్ని తాగి, కొన్ని తల మీద పోసుకుంది.

"పొయ్యి ఆపిన" అంది. తర్వాత, ఎటో చూస్తూ, "నేను గూడ పడ్డ" అంది.

సంతోషి ఆమె వైపు తిరిగింది. ఎప్పుడో అడిగి ఉండాల్సిన మాట ఇప్పుడు అడుగుతున్నట్టనిపించింది. "ఎప్పుడు అత్తమ్మా? ఎట్లయింది? చెప్పు."

ఐలవ్వ అనుమానంగా చూసింది. ఎగతాళి కాదని తేల్చుకున్నాక మొదలుపెట్టింది. అప్పట్లో రేకుల ఇల్లు, లోపల బొగ్గుల పొయ్యి, పొగ పోయే దారి లేదు. పెద్దబిడ్డ కడుపులో ఉంది. ఓ మధ్యాహ్నం కళ్ళు తిరిగి పొయ్యి పక్కనే పడిపోయింది. లేచేసరికి భర్త షిఫ్టు దిగి వచ్చి నిలబడి ఉన్నాడు. కూర మాడిందన్నాడు. ఆమె మళ్ళీ వండింది. ఆ సంగతి తల్లికి కూడా చెప్పలేదు.

"ఎందుకు చెప్పలే?"

"ఎవలడిగిన్రు?"

మమత బియ్యం చాట పక్కన పెట్టి దగ్గరికి జరిగింది. అప్పుడే గేటు దగ్గర స్కూటీ ఆగింది. ఉపేందర్ వీళ్ళను చూసీ చూడనట్టు దాటి మెట్లెక్కి వెళ్ళాడు. కాసేపటికి పైనుంచి పిలుపు వచ్చింది, అన్నం ఏదని. సంతోషి అలవాటు కొద్దీ లేవబోయింది. ఐలవ్వ ఆమె మణికట్టు పట్టుకుంది.

"అంబలి గిన్నెల ఉన్నది, పోసుకొని తాగు కొడకా. మేం మాట్లాడుకుంటున్నం" అని పైకి చెప్పి, కోడలి వైపు తిరిగింది.

"ఏడిదాక చెప్పిన బిడ్డా?"