ఆట ఆగినప్పుడు

నా నిక్కర్లు లోపలి తీగ మీదే ఆరాలి. మా ఇంట్లో ఎవరూ పెట్టకుండానే అమల్లోకి వచ్చిన నియమమిది. బాల్కనీలో బయటి తీగ మీద ఆయన చొక్కాలు, అత్తయ్య బట్టలు, దుప్పట్లు ఎండలో హాయిగా ఊగుతుంటాయి. వాటి వెనక, గోడవారగా కట్టిన తీగ మీద నా నల్ల నిక్కర్లు, మోకాళ్ళ దాకా వచ్చే మేజోళ్ళు, రెండు జేబుల చొక్కా. "ఎదురింటావిడ అడిగిందమ్మాయ్, మీ ఇంట్లో కుర్రాడెవరైనా దిగాడా అని," అంది అత్తయ్య ఒకసారి. కోపంగా అనలేదు. ఆ మాటని ఎక్కడ దించుకోవాలో తెలియక నా దగ్గర దించింది, అంతే. నేను నవ్వేసి తీగ మార్చాను. గోడవార ఎండ పడదు. చెమ్మ వదలని నిక్కరుతో మ్యాచ్‌కి వెళ్ళిన రోజులున్నాయి. పరిగెత్తితే అదే ఆరుతుందిలే అనుకునేదాన్ని. ఆ 'లే' నాకు బాగా అలవాటు. ఆరుతుందిలే, పోనీలే, నేను చూసుకుంటాలే. పెళ్ళయ్యాక నా మాటలకి చివర మొలిచిన తోక అది.

నేను ఫుట్‌బాల్ రెఫరీని. కాలేజీ జట్టులో ఆడేదాన్ని. చదువులయ్యాక జట్టు చెదిరిపోయింది, ఆటను వదల్లేక ఈల పట్టుకున్నాను. రూళ్ళ పరీక్షలు రాసి, పరుగు పరీక్షలు నెగ్గి, ఒక్కో మెట్టూ ఎక్కి, చొక్కా జేబు మీద అంతర్జాతీయ బ్యాడ్జి కుట్టుకునే దాకా వచ్చాను. ఇంట్లో దాన్ని 'ఈల పని' అంటారు. ఎవరైనా నా గురించి అడిగితే, "ఖాళీగా ఉండలేక ఏదో ఈల పని," అని ఆయనే జవాబు చెప్తారు. ఇంటెడు చాకిరీ చేసే మనిషికి ఖాళీ ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ అడగరు.

ఆయనకి ఫుట్‌బాల్ అంటే ప్రాణం. టీవీలో మ్యాచ్ వస్తే సోఫా అంచుకి జరిగి కూర్చుంటారు. రెఫరీ ఈల ఊదితే కళ్ళు కనపడట్లేదా అంటారు, ఊదకపోతే నిద్రపోతున్నాడా అంటారు. స్నేహితులొచ్చినప్పుడు బల్ల మీద టీ కప్పులు అటూ ఇటూ జరిపి నాకు ఆఫ్‌సైడ్ వివరిస్తారు. ఆ కప్పులు నేను తెచ్చి పెట్టినవి, మళ్ళీ నేనే తీసి కడగాల్సినవి. ఒకసారి, ఆయన డిఫెండరని పెట్టిన కప్పు ఉండాల్సిన చోట లేదని చెప్పాను. "నువ్వు చేసేవి చిన్నాటలు. ఇది పెద్దాట, దీని లెక్క వేరు," అన్నారు. అందరూ నవ్వారు. చిన్నాటకీ పెద్దాటకీ రూలు పుస్తకం ఒకటేనని నేను చెప్పలేదు. పోనీలే అనుకుని కప్పులు సింకులో వేశాను.

మైదానంలో మాత్రం నాకు సింహాసనం వేశారా అంటే అదీ లేదు. మగ రెఫరీలకి గది ఉంటుంది. నాకు వలలు, జెండా కర్రలు పడేసే కొట్టుగది. గడియ లేదేమిటని అడిగితే, ఎవరూ రారులెండి అంటాడు కాపలా మనిషి. ఆ 'లెండి' కూడా నా 'లే'కి దగ్గర చుట్టమే. తలుపుకి వీపు ఆనించి, ఒంటికాలి మీద నిలబడి మేజోళ్ళు తొడుక్కోవడం నేర్చుకున్నాను. కానీ ఈల నోట్లో పెట్టుకుని మైదానంలోకి అడుగుపెట్టాక అవన్నీ వెనకబడిపోతాయి. అక్కడ నేను చూసింది చూసినట్టే లెక్క. నేను చెప్పిన మాటకి ఇంకొకరి అనుమతి అక్కర్లేదు. ఇంట్లో కూరలో ఉప్పు సరిపోయిందో లేదో కూడా నా నాలుక తేల్చదు.

బ్యాడ్జి వచ్చిన కొత్తలో, దేశాల మధ్య జరిగే ఒక క్వాలిఫయింగ్ మ్యాచ్‌కి నా పేరు అనుకుంటున్నారని విన్నాను. తర్వాత ఆ ఊసే లేదు. నాకంటే వెనక వచ్చినవాళ్ళు విమానాలెక్కి వెళ్ళొచ్చారు. నా పరుగు తగ్గిందేమో అనుకున్నాను. ఇంట్లో వాళ్ళు లేవకముందే లేచి మునుపటికంటే ఎక్కువ పరిగెత్తాను. చూపు తగ్గిందేమోనని కళ్ళ డాక్టరు దగ్గరికీ వెళ్ళాను. నా కళ్ళు బాగానే ఉన్నాయి. తోడు వచ్చిన అత్తయ్యకి మాత్రం శుక్లాలు బయటపడ్డాయి. ఆవిడ రెండేళ్ళ పాటు ఇవాళ కాదు రేపని వాయిదా వేసి, చివరికి ఆపరేషన్‌కి ఒప్పుకుంది.

ఆ ఆపరేషన్ వారంలోనే పెద్దక్క ఫోన్ చేసింది. పెద్దక్క అంటే మా రెఫరీలందరికీ పెద్దక్కే. ఒకప్పుడు మాకు పాఠం చెప్పిన మనిషి. ఇప్పుడు ఆడవాళ్ళ అంతర్జాతీయ మ్యాచ్‌లకి ఎవరిని పంపాలో చూసే ఆఫీసులో ఉంది. నేను బంగాళాదుంపలు తరుగుతున్నాను. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాను.

"నీ నోటితోనే విందామని చేశాను," అంది. "నిన్న ఫోన్ చేస్తే మీ ఆయన తీసి, నీకు వీలు పడదన్నాడు. పోయిన క్వాలిఫయర్లప్పుడూ ఆయనే అన్నాడు. ఇంకోసారి అడగొద్దని కూడా అన్నాడు. నువ్వు నిజంగానే మానేశావా తల్లీ?"

కత్తి దుంపలో సగం దిగి ఆగిపోయింది. నా ఫోను హాల్లో చార్జింగులో ఉంటుంది. మోగితే ఎవరు దగ్గరుంటే వాళ్ళు తీస్తారు. దగ్గరుండేది సోఫాలో ఉన్న మనిషే కదా, వంటింట్లో ఉన్న మనిషి కాదు.

"ఏ మ్యాచ్ అక్కా?"

"మెయిన్ టోర్నీకి ఏ జట్టు వెళ్తుందో తేల్చేది. నువ్వు మధ్యలో."

మధ్యలో అంటే మా భాషలో జెండా పట్టుకుని గీత వెంబడి పరిగెత్తడం కాదు. ఈల నీది, నిర్ణయం నీది అని. ఇంకొకరి పేరు రాసేలోపు చెప్పాలంది పెద్దక్క. ఈసారి జారితే మళ్ళీ నా పేరు పైకి రాదని ఆవిడ అనలేదు కానీ, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"వస్తున్నాను," అన్నాను. నా మాటకి తోక లేదని ఫోను పెట్టేశాక గమనించాను.

ఆయన ఆఫీసు నుంచి వచ్చి, బూట్లు విప్పుతుండగా చెప్పాను. తడబడతారనుకున్నాను. తడబడలేదు. అదే నన్ను ఎక్కువ నొప్పించింది. "నీ మంచికే చెప్పాన్లే. ఎక్కడో దూరదేశం, ముక్కూమొహం తెలియని మనుషులు. అయినా అమ్మ కన్ను ముఖ్యమా, ఆడాళ్ళ మ్యాచ్ ముఖ్యమా?" అన్నారు. బూట్లు ఎప్పటిలాగే నేను తీస్తానని అక్కడే వదిలేశారు.

రెండేళ్ళు నా కాళ్ళనీ కళ్ళనీ అనుమానించుకున్నాను. ఆ రెండేళ్ళూ ఈయన ఇదే సోఫాలో కూర్చుని నా పరుగు చూసి, ఇంత పొద్దున్నే ఎందుకంత ఆయాసం అని నవ్వారు. అప్పుడే ఈల ఊదాలనిపించింది. కానీ ఊదితే ఏమవుతుందో కూడా కనపడింది. మాట పెరుగుతుంది. ఆయన అన్నం తినకుండా లేస్తారు. అత్తయ్య ఏడుస్తుంది, ఆపరేషన్ ముందు ఏడవకూడదు కనుక నేను ఓదారుస్తాను. ఓదార్చేసరికి విమానం వెళ్ళిపోతుంది.

మా ఆటలో అడ్వాంటేజ్ అని ఒకటుంది. తప్పు జరిగింది, కానీ ఆట ఆపితే దెబ్బ తిన్నవాళ్ళకే నష్టం. అప్పుడు రెఫరీ ఈల ఊదదు. రెండు చేతులూ ముందుకి చాస్తుంది, చుట్టాలను భోజనానికి రమ్మన్నట్టు. పెద్దక్క పాఠం చెప్పేటప్పుడు ఒక మాట అనేది: ఊదకపోవడం అడ్వాంటేజ్ కాదర్రా, చేతులు చాచడం అడ్వాంటేజ్. ఇన్నేళ్ళూ నేను ఇంట్లో చేస్తున్నది కూడా అడ్వాంటేజే అనుకుని గర్వపడేదాన్ని. కాదు. అది సర్దుకుపోవడం. సర్దుకుపోయేటప్పుడు తప్పు కనపడనట్టు ఉండాలి. అడ్వాంటేజ్ ఇచ్చేటప్పుడు, కనపడిందని అందరికీ తెలిసేలా చేతులెత్తాలి.

"అత్తయ్య కన్నే ముఖ్యం," అన్నాను. "అందుకే ఆపరేషన్‌కి ముందూ తర్వాతా కంట్లో చుక్కలు వేయడం మీకు నేర్పించి వెళ్తాను. నా ఫోన్లో మీరిచ్చిన జవాబులు, అప్పటిదీ నిన్నటిదీ రెండూ నాకు తెలిశాయి. వచ్చాక మాట్లాడదాం."

ఏం మాట్లాడతావన్నట్టు చూశారు. నేను అప్పటికే ఆయన బొటనవేలితో అత్తయ్య కింది రెప్పని ఎలా లాగాలో చూపిస్తున్నాను. మొదటి చుక్క చెవి దగ్గర పడేసరికి అత్తయ్య, "వీడికి గోలుపోస్టు ఎటుందో కనపడట్లేదమ్మాయ్," అంది.

ఆ దేశంలో స్టేడియం పెద్దది. నా గదికి గడియ ఉంది. లోపలికి వెళ్ళి ఊరికే ఒకసారి వేసి, తీసి, మళ్ళీ వేశాను. రెండు జట్లూ నాకు పరాయివే. నా దేశం కాని రెండు దేశాలు నా ఈల కోసం ఎదురుచూస్తుంటే, నా గుండె చప్పుడు చెవి మైకులోంచి మిగతా రెఫరీలకి వినపడుతుందేమోనని భయమేసింది. ఊదాక భయం పోయింది.

ఆట ఆఖరికి వచ్చినా స్కోరు సమంగానే ఉంది. ఒక జట్టులో పిట్టంత ఫార్వర్డ్ బంతితో దూసుకొస్తోంది. వెనక నుంచి రెండో జట్టు కెప్టెన్, తాటిచెట్టంత డిఫెండర్, ఆమె చీలమండ మీద బూటుతో గట్టిగా కొట్టింది. పిట్ట తూలింది, పడలేదు, బంతిని పక్కనున్న సహచరికి తోసింది. ఎదురుగా గోల్‌కీపర్ తప్ప ఎవరూ లేరు. నేను రెండు చేతులూ చాచి, ఆడమని అరిచాను. బంతి గోలుపోస్టుకి తగిలి బయటికి పోయింది. స్టేడియం అంతా ఉస్సూరంది. పిట్ట జట్టు కోచ్ బెంచీ మీంచి లేచి నన్ను తిట్టడం మొదలుపెట్టింది. భాష అర్థం కాకపోయినా తిట్లేనని తెలిసింది, అవి ఏ దేశంలోనైనా ఒకే రాగంలో ఉంటాయి.

అందరూ గోలుపోస్టు వైపు చూస్తున్నారు. తాటిచెట్టు జుట్టు ముడేసుకుంటూ ఏమీ ఎరగనట్టు తన చోటికి నడుస్తోంది. ఫ్రీ కిక్‌కి ఇక వెనక్కి వెళ్ళలేం. ఆ క్షణాలు దాటిపోయాయి, మా రూలు అంత దయగలది కాదు. కానీ కార్డు మిగిలే ఉంటుంది. ఆట ఆగగానే చూపించవచ్చు, చూపించాలి కూడా. ఆమె దగ్గరికి నడిచి వెళ్ళి హెచ్చరికగా పసుపు కార్డు ఎత్తాను.

ఆమె చేతులు గాల్లోకి విసిరింది. "అది అయిపోయిందిగా, వదిలేశారుగా," అంది మా ఇద్దరికీ వచ్చిన కాస్త ఇంగ్లీషులో.

"ఆటను వదిలాను. తప్పుని వదల్లేదు," అన్నాను.

ఎవరు గెలిచారన్నది వాళ్ళ దేశాల సంగతి. నాకు మిగిలింది వేరే. మ్యాచ్ అయ్యాక, చీలమండకి ఐసు సంచి కట్టుకుని కుంటుతూ ఆ పిట్టమ్మాయి వచ్చి చెయ్యిచ్చింది. పడిపోదామనుకుందట, పడితే కనీసం ఫ్రీ కిక్ వస్తుందని. "మీ చేతులు కనపడ్డాయి. చూశారని తెలిసింది. అందుకే నిలబడగలిగాను," అంది. విమానంలో దారి పొడుగునా ఆ మాటే నా పక్క సీట్లో కూర్చుంది.

ఇంటికి వచ్చేసరికి ఆయన బూట్లు గుమ్మంలోనే ఉన్నాయి, కానీ వరసగా ఉన్నాయి. అత్తయ్య నల్ల కళ్ళజోడు పెట్టుకుని ఇల్లంతా తిరిగి, మూలల్లో బూజు చూసి ఆశ్చర్యపోతోంది. చుక్కలు బాగానే పడ్డాయట, చెవి కూడా శుభ్రపడిందట. నేను మ్యాచ్ బట్టలు ఉతికి బాల్కనీలోకి తెచ్చాను. దుప్పటి జరిపి, బయటి తీగ మీద, ఎండకి ఎదురుగా ఆరేశాను. అత్తయ్య వచ్చి చొక్కా జేబు పట్టుకుని, కళ్ళజోడు పైకెత్తి చూసింది.

"ఇది బొమ్మా? ఇన్నాళ్ళూ ఏదో మరక అనుకున్నాను. ఎంత ఉతికినా పోగొట్టలేకపోతున్నావని జాలిపడేదాన్ని." వేలితో ఆ బ్యాడ్జి అంచు తడిమింది. ఎదురింటావిడ కిటికీ తెరిచే ఉంది. చొక్కాని వెనక్కి జరపమని అత్తయ్య అనలేదు, ముడతలు పోయేలా లాగి సరిచేసింది.

సాయంత్రం ఆయన మ్యాచ్ చూస్తున్నారు. నేను సోఫాలో, ఆయన పక్కనే కూర్చున్నాను. ఆయన కొంచెం జరిగి చోటిచ్చారు. అలవాటు లేని పని కాబట్టి ఇద్దరికీ కొత్తగా ఉంది. టీవీలో బంతి గీత దాటి బయటికి పోయింది. ఆట ఆగింది.

"నా ఫోనుకి నేనే జవాబు చెప్తాను," అన్నాను. "నాకు వీలవుతుందో లేదో నేనే చెప్తాను. రెండేళ్ళు పోయాయి, అవి మీరు తెచ్చివ్వలేరు, నేను అడగను. కానీ మీరు చేసింది తప్పు. నేను చూశాను. ఇది మొదటిది."

"మొదటిదేంటి?" అన్నారు నవ్వబోతూ.

"పసుపు."

నవ్వు సగంలోనే నిలిచిపోయింది. టీవీలో మళ్ళీ ఆట మొదలైంది కానీ ఆయన అటు చూడలేదు. అత్తయ్య నల్లకళ్ళజోడు ఇటు తిప్పి, "పసుపైతే ఏంట్రా? రెండోది కూడా వస్తే ఏమవుతుంది?" అని కొడుకుని అడిగింది.

ఊళ్ళో అందరికీ టీ కప్పులతో ఆట వివరించే మనిషి, బల్ల వైపు చూశారు. అక్కడ కప్పులు లేవు. ఇవాళ నేను పెట్టలేదు.

"మైదానం వదిలి వెళ్ళిపోవాలమ్మా," అన్నారు నెమ్మదిగా.

అత్తయ్య నల్ల కళ్ళజోడు సర్దుకుంది.

"మంచి రూలే," అంది.