కత్తెర తప్పించుకున్న సీను

నేను ఒక డీవీడీని. ఒకే డబ్బాలో ఇద్దరం ఉంటాం. మా అన్న హాల్లో ఆడిన సినిమా. నేను అదే సినిమా, కత్తెర పడకముందుది. 'మీరు హాల్లో చూడని ఇరవై నిమిషాలు' అని అట్ట మీద అచ్చేశారు. ఆ నిమిషాలు అంత బాగుంటే హాల్లో ఎందుకు చూపించలేదో ఆ కంపెనీ వాళ్లనే అడగాలి. అమ్ముకునేవాళ్ల మాట నేను తేలిగ్గా నమ్మను.

గుంటూరులో ఒక కొట్టు అద్దాల వెనక వెలిసిపోతుంటే కనకలింగం నన్ను కొన్నాడు. ఆయనది రేపల్లెలో ఎరువుల కొట్టు. నాటకాల్లో దుర్యోధనుడు. అట్టను ముందూ వెనకా తిప్పి, "ఇందులో కోర్టు సీను ఉందంటావా?" అని అడిగాడు. "అన్నీ ఉన్నాయండీ," అన్నాడు కొట్టువాడు, నావైపు చూడకుండానే.

సంగతేమిటంటే, ఈ సినిమాలో కనకలింగం కోర్టు బోనెక్కే రైతు వేషం వేశాడు. దానికోసం నెలరోజులు హైదరాబాదులో ఉండిపోయాడు. తీరా భార్య హైమావతినీ, ఆవిడ పుట్టింటివాళ్లనూ వెంటబెట్టుకుని మొదటి ఆటకి వెళ్తే, తెర మీద ఆయన నీడ కూడా లేదు. నిడివి ఎక్కువైందని కోసేశారట. మూడోవారం నుంచి కోసిన సీన్లు కలుపుతారని ఆశపడ్డాడు. మూడోవారానికి సినిమానే ఎత్తేశారు. అప్పటినుంచీ హైమావతి మనసును ఒకటే అనుమానం తొలిచేస్తోంది. ఈయన ఆ నెలంతా ఎక్కడున్నాడు? ఎవరితో ఉన్నాడు?

ఇంటికి రాగానే, కంగారులో ఆయన మా అన్నను పెట్టాడు. కోర్టు సీను రైతు లేకుండానే ఇలా వచ్చి అలా పోయింది.

"అప్పుడూ ఇంతేగా," అంటూ హైమావతి లేచింది.

"కూర్చో హైమా! ఇది కాదు, ఆ రెండోది పెట్టాలి."

నేను దాచకుండా చూపించాను. బోను, తలపాగా, దాని కింద కనకలింగం మొహం. ఆయన గర్వంగా భార్యవైపు తిరిగాడు. అంతలో బోనులో మనిషి నోరు తెరిచాడు. ఎవరిదో సన్నటి గొంతు! ఈయనకి చెప్పకుండా ఇంకెవరిచేతో మాటలు చెప్పించారన్నమాట.

"గొంతు మీది కాదే. మిమ్మల్ని పోలిన మనిషెవరో దొరికితే, నేనే అని చెప్పుకుంటున్నారా?" అంది హైమావతి.

"డబ్బింగుకి కబురు చేస్తామన్నారు..." అని గొణిగాడు. స్టేజీ మీద మైకు అక్కర్లేని మనిషి అలా గొణుగుతుంటే నాకే సిగ్గేసింది.

హైమావతి రిమోటు లాక్కుని సీను వెనక్కి తిప్పింది. శబ్దం తీసేసింది. "ఆ మాటలు మీరు చెప్పండి. అటు తిరిగి చెప్పాలి. టీవీ చూశారో, ఊరుకోను."

ఆయన గోడవైపు తిరిగాడు. ఆవిడ "ఊఁ" అంది.

"ఆ చేలోనే మా అమ్మని పూడ్చాం బాబయ్యా. రాసియ్యమంటే... ఎట్టా రాసిచ్చేది?"

మధ్యలో ఒక గుటక వేశాడు. తెర మీద రైతూ సరిగ్గా అక్కడే గుటక వేశాడు. ఆ పెదవులు ఈయన గొంతుతో మాటమాటకీ కలిశాయి. ఇన్నేళ్లయినా ఆయన ఒక్క ముక్క మరిచిపోలేదు.

"ఇటు తిరగండి," అంది హైమావతి మెల్లగా. ఆయన తిరగలేదు. అరచేత్తో కళ్లు తుడుచుకుంటున్నాడు. ఆవిడే లేచి వెళ్లి ఆయన ఎదుట నిలబడింది. "మిమ్మల్ని ఏమేమి అనుకున్నానో తెలుసా," అని ఏడ్చేసింది.

ఇప్పుడు ఆ ఇంటికి చుట్టాలొస్తే నన్ను పెడతారు. కోర్టు సీను రాగానే శబ్దం తీసేయడం హైమావతి వంతు, గోడవైపు తిరగడం కనకలింగం వంతు. నమ్మనివాళ్లకి ఆవిడ కాఫీ ఇవ్వదు.