వరస కలిపిన మనిషి

తెల్లవారి ఆరున్నరకు హెర్లిండా వెళ్లేసరికి షెడ్డు తలుపు బార్లా తెరిచి ఉంది. తాళం కోసేశారు. నిన్న పెట్టిన పదకొండు తోపుడు బండ్లలో ఒక్కటీ లేదు. ఆమె అమ్మే తమాలెల కోసం, ఆ మొక్కజొన్న కుడుముల కోసం, కలిపి ఉంచిన పిండి గచ్చు మీద కుమ్మరించి ఉంది. దాని మీద ఎవరో బ్లీచ్ పోశారు. ఆ ఘాటుకు కళ్లు మండుతున్నాయి.

"సిటీ ఇన్‌స్పెక్టర్లు," అంది వీధి వ్యాపారుల సంఘం అధ్యక్షురాలు డోన్యా నికనోరా. "రెండు లారీలతో వచ్చారట. సరాసరి ఇక్కడికే. పక్క గోడౌన్ వైపు కన్నెత్తి కూడా చూడలేదట."

అంటే ఎవరో చెప్పారన్నమాట. మూతపడిన టైర్ల కొట్టు వెనకాల బండ్లు పెడుతున్న సంగతి ఈ పన్నెండు మందికి తప్ప తెలియదు.

అదీ ఇవాళే జరగాలా? వీధి వ్యాపారులకు లైసెన్సులిచ్చే తీర్మానం సాయంత్రం ఆరింటికి కౌన్సిల్ ముందుకు వస్తోంది. దాని కోసం మూడేళ్లు తిరిగారు. కాగితాల్లేని వలసవాళ్లను పట్టుకుపోయే పోలీసుల భయంతో జనం ఆదివారం చర్చికే రావడం మానేసిన రోజుల్లో, అందరూ వెళ్లి కౌన్సిల్ హాల్లో కూర్చుందామని ఒట్టేసుకున్నారు.

"పన్నెండో బండి ఏది?" అన్నాడు పళ్లు అమ్మే ఎఫ్రాయిన్.

అందరూ డోన్ బౌదేలియో వైపు తిరిగారు. డెబ్భై దాటిన మనిషి. మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్ముతాడు.

"ఇంట్లో ఉంది బాబూ. చక్రం వంగింది. అల్లుడు బాగుచేస్తానంటే నిన్న తీసుకెళ్లాను."

"సరిగ్గా నిన్ననే వంగిందా? చాలా తెలివైన చక్రమే."

ఎవరో కిసుక్కున నవ్వారు. ముసలాయన టోపీ తీసి చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు.

హెర్లిండా నవ్వలేదు. ఆమెకు పోయిన ఆదివారం గుర్తొచ్చింది.

వచ్చే నెల ఆమె కూతురికి పదిహేనేళ్ల పండగ. ఆనవాయితీ ప్రకారం అయినవాళ్లలో కేకు ఒకరు, బూట్లు ఒకరు, బాజా ఒకరు పెట్టుకుంటామన్నారు. పండగ చేసే హాలు అద్దె మాత్రం ఎవరి తాహతుకూ అందలేదు. చివరికి కౌన్సిల్ సభ్యుడు రిగోబెర్తో లుసేరో గుమ్మం తొక్కింది. ఆ వార్డులో వలస వచ్చిన తమవాళ్లలో మొట్టమొదట గెలిచిన మనిషి. అతని కోసం మండుటెండలో ఇల్లిల్లూ తిరిగి ఓట్లు అడిగింది ఆమే. అడగగానే అతను సరేనన్నాడు. పిల్ల పండగ ఖర్చు మోసినవాడు ఆ పిల్లకు ధర్మతండ్రితో సమానం. ఆ క్షణం నుంచి అతను ఆమెకు కొంపాద్రె, ఆమె అతనికి కొమాద్రె. ఆ వరస కలిపాక చచ్చేదాకా ఒకరి మాట ఒకరు కాదనకూడదు.

పోయిన ఆదివారం అతను ఆమె పెరట్లో కూర్చుని రెండు గిన్నెల పోసోలె మాంసం పులుసు తిన్నాడు. నిమ్మకాయ పిండుకుంటూ అడిగాడు. "కొమాద్రె, సాయంత్రం బండ్లన్నీ ఎక్కడ పెడుతున్నారు? ఏం లేదు, ఓటింగు అయ్యేదాకా ఇన్‌స్పెక్టర్లను అటు రానివ్వకుండా చూద్దామని."

ఆమె చెప్పింది. ఏ సందులో తిరగాలో కూడా చెప్పింది. అంత పెద్దమనిషి తనను అడిగాడన్న మురిపెంలో అడగనివి కూడా చెప్పింది.

ఇవాళ పదింటికి ఆమె లుసేరో ఆఫీసుకు వెళ్లింది. అతను లేచి కుర్చీ లాగాడు.

"మీరేనా?" అంది.

"కూర్చోండి కొమాద్రె. ఊరి నడిబొడ్డున కొత్త హోటళ్లు వస్తున్నాయి. వీధిలో బండ్లు తీసెయ్యమంటున్నారు వాళ్లు. అడిగింది కొంత చెయ్యకపోతే మనకు ఈ కుర్చీ కూడా మిగలదు." గొంతు తగ్గించాడు. "ఎవరో ముసలాయన పేరు వినబడుతోందట కదా. పోనివ్వండి. పిల్ల పండగ ముందు మనకెందుకు గొడవలు?"

ఒక్క మాటైనా అనాల్సింది. ఆమె తల ఊపి వచ్చేసింది.

మధ్యాహ్నం సంఘం కూర్చుంది. డోన్ బౌదేలియోను తీసెయ్యాలన్నాడు ఎఫ్రాయిన్. చేతులు లేచాయి. కార్యదర్శి హెర్లిండా. ముసలాయన పేరు పుస్తకంలో రాసి, పక్కన 'తొలగించడమైనది' అని రాసింది. అక్షరాలు గుండ్రంగా, పొందికగా వచ్చాయి. ఆ పొందిక చూసి ఆమెకు తన చెయ్యి మీదే అసహ్యం పుట్టింది.

ముసలాయన వాదించలేదు. "కౌన్సిల్ హాలుకు మాత్రం వస్తాను," అన్నాడు. "మనిషి తగ్గకూడదు కదమ్మా. వెనకాల కూర్చుంటాను."

ఆరింటికి హాలు నిండింది. చివరి వరసలో ముసలాయనకు అటు రెండు, ఇటు రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. పైన వేదిక మీద లుసేరో ఆమెను చూసి చిన్నగా నవ్వాడు.

"సంఘం తరఫున నువ్వే మాట్లాడమ్మాయ్," అంది డోన్యా నికనోరా. "మనలో చక్కగా మాట్లాడేది నువ్వే."

హెర్లిండా లేచి మైకు దగ్గరికి వెళ్లింది.

"మూడు నిమిషాలు," అన్నాడు గుమాస్తా. "ముందు మీ పేరు చెప్పండి."

"హెర్లిండా సవాలా." రాసుకొచ్చిన కాగితం మడిచేసింది. "లైసెన్సుల గురించి మావాళ్లు మాట్లాడతారు. నేను ఒక తప్పు చెప్పుకోవాలి. షెడ్డు చిరునామా బయటపెట్టింది డోన్ బౌదేలియో కాదు. నేను. పొద్దున్నే తెలిసింది నాకు. తెలిసీ మధ్యాహ్నం ఆయన పేరు కొట్టేశాను."

వెనక్కి తిరిగే ధైర్యం ఆమెకు లేదు.

"ఎవరికి చెప్పావ్?" వెనక నుంచి ఎఫ్రాయిన్ గొంతు.

ఆమె మైకు గట్టిగా పట్టుకుంది. కూతురి మొహం, పండగ జరగని ఖాళీ హాలు, పెరట్లో ఆ రెండు గిన్నెలు అన్నీ ఒక్కసారే కళ్లముందు తిరిగాయి.

"కొమాద్రె," అన్నాడు లుసేరో మెల్లగా, బతిమాలుతున్నట్టు. తన ముందున్న మైకు పనిచేస్తోందన్న సంగతి మరిచిపోయాడు. ఆ పిలుపు నాలుగు మూలలా వినబడింది.

రెండు వందల మంది తలలు అతని వైపు తిరిగాయి. హెర్లిండా కూడా తలెత్తింది.

"ఆయనకే చెప్పాను," అంది. "నా కొంపాద్రె. రిగోబెర్తో లుసేరో."