వంచిన నీళ్ళు

మూత్రపిండాలు చెడినవాళ్ళకు పొటాషియం ఒంట్లోనే నిలిచిపోతుందనీ, అది మితిమీరితే గుండె చెప్పాపెట్టకుండా ఆగిపోతుందనీ హిందూపురం డయాలసిస్ డాక్టరు నాకు మొదట్లోనే చెప్పాడు. అరటిపండు వద్దు, టెంకాయనీళ్ళు వద్దు, రాగిముద్ద తగ్గించు, కూరలూ ఆకులూ బాగా ఉడికించి ఆ నీళ్ళు పారబోసి తిను. తినకూడనివి చెప్పడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. తినదగినవి ఒక్క గుక్కలో అయిపోయాయి.

మా పెనుకొండ పక్క జబ్బుమనిషిని పలకరించడానికి ఒట్టిచేతులతో ఎవరూ రారు. తెచ్చేవేమో అరటిపండ్లు, లేకుంటే టెంకాయబొండాలు. ఎర్రమంచి దగ్గర ఫ్యాక్టరీ క్యాంటీనులో నాతో పాటు వడ్డించిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు, తెచ్చింది తెచ్చినట్టే తిరిగి పట్టుకుపోయారు. రెండోసారి ఎవరూ రాలేదు. ధర్మవరంలో మగ్గం నేసే మా తమ్ముడు ఫోను చేసి, ఏం తెచ్చేదక్కా నీకు అని అడిగేవాడు. ఏమీ వద్దురా, నువ్వు రా అంటే, సరేలే అనేవాడు. ఆ సరేకు కాళ్ళు రాలేదు. నాకు కోపం వచ్చింది. మంచం పట్టినదాని కోపం ఎవరికి లెక్క?

పక్కింటి ఈరక్క ఒక్కతే మిగిలింది. కొడుకూ కోడలూ గొర్రెలు తోలుకుని ముదిగుబ్బ దిక్కు పోతే నెలల తరబడి రారు, ఆమెకూ ఇంట్లో పలికే గొంతు లేదు. నా పథ్యం విని, ఇంతేనా అంది. ఉడకబెట్టి నీళ్ళు వంచడం తనకు తెలియనిదా అంది. ఆ రోజునుంచి మధ్యాహ్నం మూతపెట్టిన గిన్నెలతో వచ్చేది. పొడికూరగా ఆకుకూర పల్యం, అలసందల పల్యం, అన్నంలోకి పులుసుగా రెండు గరిటెల బస్సారు. నేను తినేదాకా గడప దగ్గర కూర్చుని కోడలి మీద చాడీలు చెప్పేది. నాలుక చచ్చిపోయిన నాకు ఆ బస్సారు అమృతంలా ఉండేది. నిజం చెప్పాలంటే, అన్నం కంటే చాడీలు ఎక్కువ రుచి. ఆమె గిన్నెల చప్పుడు వినిపించేదాకా నేను గుమ్మం వైపే చూస్తూ ఉండేదాన్ని.

ఒక సోమవారం హిందూపురం బస్టాండులో దిగేసరికి కాళ్ళు నావి కానట్టయిపోయాయి. ఆటో అతను చెయ్యి పట్టి ఆసుపత్రి మెట్లెక్కించాడు. నర్సు హరిత నాడి పట్టుకుని ఒక్క క్షణం ఆగి, డాక్టరు కోసం పరిగెత్తింది. గుండెకు వైర్లు పెట్టి కాగితం తీశారు. ఐదు దాటకూడని పొటాషియం ఏడు దాటిందన్నారు. గుండెకు కాపుగా క్యాల్షియం ఇంజెక్షన్ ఇచ్చారు, పొటాషియాన్ని కాసేపు రక్తంలోంచి తప్పించడానికి ఇన్సులిన్, దాంతో చక్కెర నీరు ఎక్కించారు, ఆ వెంటనే మిషను మీద పడుకోబెట్టారు. ఇంకో పూట ఆలస్యమైతే దక్కేదానివి కావన్నాడు డాక్టరు. ఏం తిన్నావని అడిగితే, నువ్వు చెప్పినట్టే తిన్నానన్నాను. అందరూ అదే మాట అంటారమ్మా అని పోయాడు. దొంగతిండి తిన్నదాన్ని చూసినట్టు చూశాడు. ఒళ్ళు మండిపోయింది.

మరునాడు ఆ మంటతోనే ఈరక్క వంటింట్లోకి పోయి కూర్చున్నాను, తప్పు మాది కాదని తేల్చుకోవాలని. ఆమె తోటకూర మెత్తగా ఉడికించింది, చుక్క మిగలకుండా వంచింది. కూర పక్కన పెట్టి తాలింపు వేసింది. ఆ తరువాత కాల్చిన మిరపకాయలు, తెల్లగడ్డ, ధనియాలు, టెంకాయ నూరి, చింతపండు పిసికి, ఆ వంచిన నీళ్ళలోనే కలిపి పొయ్యి మీద పెట్టింది. బస్సారంటే అదే. మా అమ్మా అట్లాగే కాచేది, క్యాంటీనులో నేనూ అట్లాగే కాచాను. డాక్టరు పారబోయమన్న నీళ్ళు అవేనని మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. కారం, పులుపు పడ్డాక అవి మా కంటికి నీళ్ళు కావు. ఆకులోంచి వదిలించిన విషాన్నంతా పోపు పెట్టి మరీ తాగాను.

చెప్పకుండా ఉండిపోదామా అనుకున్నాను. చెబితే ఆమె రాదని భయం, చెప్పకపోతే నేను ఉండనని భయం. బతకాలన్న ఆశే గెలిచింది. మెల్లగా చెప్పాను. ఈరక్క గరిటె కింద పెట్టేసింది.

"నా చేత్తోనే పోస్తాంటి గదా హేమా," అంది.

నీకేం తెలుసు, నాకే తట్టలేదు కదా అని ఎంత చెప్పినా ఆమె నా ముఖం వైపు చూడలేదు. మరునాడు మధ్యాహ్నం రాలేదు. ఆ మరునాడూ రాలేదు. నేనే పోయి, వంట నేను చేసుకుంటాను, నువ్వు ఊరికే వచ్చి కూర్చో అన్నాను. ఏం పని పెట్టుకుని రావాలి అని అడిగింది.

"నీ ముద్ద, నీ బస్సారు ఆడికే తెచ్చుకుని తినక్కా. నేను చూస్తాంటా, చాలు."

"నువ్వు చూస్తాంటే నా గొంతులో దిగుతాదా?"

ఆమె స్థానంలో నేనున్నా నాకూ దిగదు. ఇంక మాట పెంచకుండా వచ్చేశాను.

ఇప్పుడు నా వంట నేనే చేసుకుంటున్నాను. ఆకు ఉడికించి, పచ్చని నీళ్ళు కాలువలో పోస్తాను. పోసేటప్పుడు ప్రాణం ఉసూరుమంటుంది. చప్పటి కూర గోడవైపు తిరిగి తింటాను, గుమ్మం వైపు చూస్తే ముద్ద మింగుడుపడదు. గోడకు అవతల ఈరక్క పొయ్యి చప్పుడు వినిపిస్తుంది. ఆమె కూడా ఒంటరిగానే తింటోంది.

పోయిన వారం రక్తం తీశారు. పొటాషియం నాలుగున్నర. డాక్టరు తల ఊపి ముందుకు పోయాడు. హరిత మాత్రం సంతోషం పట్టలేకపోయింది. ట్యూబులు సర్దుతూ, "ఇంట్లో ఎవరో గాని నిన్ను బాగా చూసుకుంటాండారు హేమావతమ్మా," అంది.

"చూసుకునేవాళ్ళు లేకనే తగ్గింది పాపా," అన్నాను.

తమాషాకు అన్నాననుకుని ఆ పిల్ల నవ్వింది.